గీత పడకముందే అడగాల: స్థలాలు, లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్ల మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల "మీ ఊరి భూమి మీద మీకున్న అనుమానాలు రాయండి" అని అడిగితే నెల్లూరు, ప్రకాశం వైపు నించీ చాలా ఉత్తరాలొచ్చాయి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు కూడా పెట్టారు. అన్నీ వేయలేం కాబట్టి పదిమందికి పనికొచ్చేవి ఏరినా. పేర్లు వద్దన్నారు, ఊళ్ళు మాత్రం వేస్తున్నా. నేను ముప్పై ఏళ్ళు లేఅవుట్ డ్రాయింగులు గీసి ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషిని, చెప్పేది ఆ అనుభవంతోనే.

ప్రశ్న: సార్ నమస్తే. మాది కోవూరు దగ్గర పల్లె. మా ఊరి పొలాల్లో ఒక వెంచర్ వేసినారు, అంకణం ఇంత అని రోజూ ఫోన్లు చేస్తా ఉండారు. 25 అంకణాలు తీసుకుందామని ఇంట్లో ఒకటే పోరు. అడిగితే "నాలా కట్టేసినాం, ఇంక భయం లేదు" అంటున్నారు. కానీ 2021 వరదలప్పుడు ఆ పొలాల్లో మోకాటిలోతు నీళ్ళు నిలబడింది నేను కళ్ళారా చూసినా. తీసుకోమంటారా?

జవాబు: నన్నడిగితే ఇప్పుడే తొందరపడొద్దు. నీళ్ళు మీరే చూసినారు కదా, ముందు ఆ మాట గట్టిగా పట్టుకోండి. 2021 నవంబర్‌లో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు కాడ హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, నెల్లూరులో వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ మునిగినాయి. ఆ నీళ్ళకి సర్వే నంబర్లు తెలియవు, ఎటు పల్లం ఉంటే అటే పోతాయి, మళ్ళీ వచ్చినా అదే దారిన వస్తాయి.

ఇంక నాలా సంగతి. పేరు విని చాలామంది పొరబడతారు. నాలా అంటే 2006 చట్టం కింద "ఈ వ్యవసాయ భూమిని వేరే పనికి వాడుకుంటాం" అని రెవెన్యూకి కట్టిన పన్ను, అంతే, ఆ చట్టాన్ని 2025లో రద్దు కూడా చేసినారు. రోడ్లు ఎంత వెడల్పు ఉండాల, మురుగు ఎటు పోవాల, పార్కు ఎక్కడ వదలాల, ఇవేవీ నాలా చూసేది కాదు. అవి చూసేది లేఅవుట్ అప్రూవల్, దానికి టౌన్ ప్లానింగ్ వాళ్ళు పరిశీలించి ఇచ్చిన ఎల్‌పీ (లేఅవుట్ పర్మిషన్) నంబర్ ఉండాల, ఊరికే పంచాయతీ స్టాంపు వేసిన కాగితం చూపిస్తే ఒప్పుకోవద్దు. ఇంకొకటి మాస్టర్ ప్లాన్, అంటే ఏ భూమి దేనికి వాడాలో రంగులేసి చూపించే పటం. అందులో ఆ సర్వే నంబర్‌కి వ్యవసాయ జోన్ రంగు ఉంటే ముందు భూమి వినియోగ మార్పు తెచ్చుకోవాల, అది మళ్ళీ వేరే ఫైలు. ఈ మూడూ మూడు వేర్వేరు కాగితాలు, ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. పైన రెరా, అంటే ప్లాట్లు, ఇళ్ళ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే సంస్థ. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు ఏదైనా రిజిస్టర్ కాకుండా ప్రకటన వేయకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. మన లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి అది సుమారు 75 అంకణాలు, ఎకరాకే 605 అంకణాలు వస్తాయి, అంటే మీకు ఫోన్ చేసే వెంచర్ ఏదైనా ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది. రెరా నంబర్ చెప్పమని అడగండి, తడబడితే అక్కడితో ఆపేయండి.

ఇది రాస్తుంటే నా తప్పు ఒకటి గుర్తొస్తా ఉంది, చెప్పేస్తా. చాలా ఏళ్ళ కింద కావలి వైపు ఒక వెంచర్‌కి డ్రాయింగ్ గీయడానికి స్థలం చూడబోయినా. ఎండాకాలం, చేను మొత్తం ఎండు గడ్డి, మధ్యలో అడ్డంగా తాడు పరిచినట్టు ఒక్క వరస జమ్ము మాత్రం పచ్చగా నిలబడి ఉంది. ఏందయ్యా అది అంటే "పాత పంట కాలువ సార్, ఎప్పుడో పూడిపోయింది" అన్నారు. ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ళ పొలం కొలతల పటం) తీసి చూస్తే ఆ కాలువ గీత సరిగ్గా ఆడనే ఉంది. ఆ రోజు నేను గట్టిగా నిలబడి దాన్ని వదిలేయండి అని చెప్పాల్సింది, చెప్పలేదు, రోడ్డు కింద ఒక తూము పెట్టి సరిపెట్టినా. నాలుగైదేళ్ళకి నవంబర్ వానల్లో తూము పూడిపోయి ఆ వీధి ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయని తెలిసి పోయి చూసినా. ఒక ముసలామె గడప మీద కూచుని అరబస్తా బియ్యం తడవకుండా ఒళ్ళో పెట్టుకుని ఉంది, నా వంక చూసింది, నేనెవరో ఆమెకి తెలీదు. అప్పటి నించీ ఎవరడిగినా ముందు ఎఫ్‌ఎంబీ చూడమనే చెప్తా ఉండా.

మీరూ అదే చేయండి. సచివాలయంలో గ్రామ సర్వేయర్ ఉంటారు, ఆ సర్వే నంబర్ ఎఫ్‌ఎంబీ, గ్రామ నక్షా, పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీసర్వే నాటి భూమి రిజిస్టర్) మూడూ పక్కపక్కన పెట్టించి చూడండి. వాగు, కుంట, కాలువ, డొంక పోరంబోకు ఏదన్నా ఆనుకుని ఉందా అని. బిల్డింగ్ రూల్స్‌లో దూరాలు స్పష్టంగా రాసినారు, 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే నిండు నీటి మట్టం గీత నించి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువూ కుంటా అయితే 9 మీటర్లు వదలాల, వాగు గానీ కాలువ గానీ 10 మీటర్ల కన్నా వెడల్పు ఉంటే 9 మీటర్లు, సన్నవైతే 2 మీటర్లు. నది అయితే మున్సిపాలిటీ లోపల 50, బయట 100 మీటర్లు. ఈ లెక్క వేసుకుంటే మీకు చూపించిన ప్లాట్లలో కొన్ని ప్లాట్లే కావని మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: సార్, మాది ఒంగోలులో కొత్త కాలనీ. లేఅవుట్ ప్లాన్‌లో పార్కు అని చూపించిన చోట ఒకాయన పునాది తీస్తున్నాడు. అడిగితే నా దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది అంటున్నాడు. కాలనీ వాళ్ళం ఏం చేయాల?

జవాబు: ఈ రోజే ఫోటోలు తీసి పెట్టుకోండి, తేదీ పడేట్టు. లేఅవుట్‌లో కనీసం 10 శాతం ఖాళీ స్థలం వదలాల, దాన్ని గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పజెప్పాల, ఆ తర్వాత అది ఊరి ఉమ్మడి ఆస్తి, వెంచర్ వేసినాయనకి కూడా అమ్మే హక్కు లేదు. కాబట్టి మీకు కావాల్సింది రెండే కాగితాలు, అప్రూవ్ అయిన లేఅవుట్ ప్లాన్ కాపీ, ఆ గిఫ్ట్ డీడ్ కాపీ. సమాచార హక్కు కింద అడగండి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై ఆఫీసుల్లో 10 రూపాయలు, 30 రోజుల్లో ఇవ్వాల. ఈలోపు కమిషనర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వండి. గిఫ్ట్ డీడ్ అసలు రాయనే లేదని తేలితే అసలు చిక్కు ఆడనే ఉంది, మీ గొడవ పునాది తీసే ఆయనతో కాదు, లేఅవుట్ వేసినాయనతో. నాకు కడుపు మండేది ఏందంటే, అప్రూవల్ లేని లేఅవుట్లని క్రమబద్ధీకరించే స్కీములు వచ్చినప్పుడల్లా ఖాళీ స్థలం వదలనందుకు చార్జీ కట్టేది పొట్ట కట్టుకుని ప్లాటు కొన్నవాళ్ళే, వదలకుండా అమ్ముకున్న మనిషి ఎక్కడా కనపడడు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ టీచర్ని, నెల్లూరు వేదాయపాలెం. మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండ్ పోయి మూడు నెలలు ఉండి వచ్చాను. ఒక రోజు వాళ్ళ వీధి స్తంభానికి కాగితం కట్టి ఉంది. పక్కింటాయన వెనక వైపు గది పెంచుకుంటాడట, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని కౌన్సిల్ వాళ్ళు పెట్టారు. ఒక గది కోసం అంత మర్యాదగా అడుగుతున్నారే, మన దగ్గర చెరువులు పూడ్చేటప్పుడు కూడా అడగరే అని బాధ వేసింది. మనకి అలాంటి చట్టం లేదా?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివినా. చట్టం మనకీ ఉంది, చెప్పాలంటే మనదీ పాతదే. 1920లోనే మద్రాస్ టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది, నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా, అదే చట్టం పేరు మారి ఆంధ్రాలో కూడా నడిచింది. ఇంగ్లండ్‌లో ఇప్పుడు మీరు చూసిన పద్ధతికి పునాది 1947 చట్టం. దాని సారం ఏందంటే భూమి నీదే గానీ దాని మీద ఏం కట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాల. మీరు చూసిన కాగితం దాంట్లో భాగమే, అభ్యంతరాలు చెప్పడానికి 21 రోజులిస్తారు, చిన్న దరఖాస్తు అయితే 8 వారాల్లో, పెద్దదైతే 13 వారాల్లో తేల్చాలని గడువు. అయితే అభ్యంతరం అంటే ఏదిబడితే అది కాదు, వెలుతురు పోతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, మా ఇంట్లోకి చూపు పడుతుంది, ఇట్టాంటివి వింటారు, మా ఇంటి రేటు పడిపోతుంది అంటే వినరు.

కానీ అసలు విషయం ఆ స్తంభం మీది కాగితం కాదు మాస్టారూ, దాని వెనక ఇంకొకటి ఉంది. ప్రతి కౌన్సిల్ తన ప్రాంతానికి లోకల్ ప్లాన్ అని ఒకటి తయారు చేసుకుంటుంది, ఎక్కడ ఇళ్ళు రావాల, ఎక్కడ అంగళ్ళు, ఏ పొలాల జోలికి పోకూడదు అని. అది గెలిచిన కౌన్సిలర్లు ఒప్పుకోవాల, బయట నించి ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చి జనం ముందే విచారణ పెడతాడు, ఐదేళ్ళకొకసారన్నా దాన్ని తిరిగి చూసుకోవాల. రోజువారీ దరఖాస్తులన్నీ ఆ ప్లాన్ ముందు పెట్టుకునే తేలుస్తారు. వాళ్ళకీ బాధలున్నాయి, ఇళ్ళు చాలట్లేదు, అనుమతులు ఆలస్యం అని ఆడ కూడా గోలే. కానీ ఎవరు నిర్ణయించారో జనానికి తెలుసు, వచ్చే ఎన్నికల్లో ఆ మనిషి ఓటు అడగడానికి గుమ్మం ముందుకొస్తాడు.

మన దగ్గర 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చింది, దాంతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక, రెండోది భూమి వినియోగం, కట్టడాల నియంత్రణ. మున్సిపాలిటీలకి ఇవ్వదగ్గ పనులు అని రాసినారు. ఇచ్చేదీ మానేదీ రాష్ట్రం ఇష్టం, మొత్తం చేతికి రాలేదు. నెల్లూరుకి 2017లో నుడా (నెల్లూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) వచ్చింది, ఒంగోలుకి 2019లో అట్టాంటిదే ఒడా. వాటి చైర్మన్‌ని ప్రభుత్వం వేస్తుంది, మనం ఓటేసి ఎన్నుకునేది కాదు. రెండు మూడు మండలాలకి సరిపోయే రోడ్డు, మురుగు కాలువ ఒక్క పంచాయతీ గీయలేదు కాబట్టి అట్టాంటి సంస్థ ఉండటం అవసరమే, నేను కాదనను, కానీ వార్డు మెంబరు మాట అందులో ఎంత చెల్లుతుంది అంటే తక్కువే, ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటా ఉండా.

అయినా అడిగే దారి మనకీ ఒకటుంది. మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ వేసినప్పుడు అభ్యంతరాలు, సలహాలు అడగాల, వాళ్ళు అడుగుతారు కూడా. విడిగా ఒక సర్వే నంబర్‌కి భూమి వినియోగం మార్చేటప్పుడు కూడా ముందు డ్రాఫ్ట్ నోటిఫికేషన్ వస్తుంది, సాధారణంగా 15 రోజులు టైమిస్తారు. అది గెజెట్‌లో పడుతుంది, మన వీధి స్తంభానికి ఎవరూ కట్టరు, అందుకే ఆ 15 రోజులు ఎవరికీ తెలియకుండా గడిచిపోతాయి. మీలాంటి వాళ్ళు ఒక నలుగురు కూడి మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ దగ్గరికి నెలకొకసారి పోయి "మన వైపు డ్రాఫ్ట్ ఏమన్నా వచ్చిందా" అని అడిగి, వస్తే దాని కాపీ తీసి టీ కొట్టు కాడ అంటించండి. మ్యాప్ చూడటం కష్టమేం కాదు, మామూలుగా పసుపు అంటే ఇళ్ళు, ఊదా అంటే పరిశ్రమలు, ఎరుపు అంటే బడులు ఆసుపత్రులు ఇట్టాంటి ప్రజోపయోగ స్థలాలు, నీలం వ్యాపారం, లేత నీలం నీళ్ళు, పచ్చ పొలాలు పార్కులు. ఏ రంగేందో మ్యాప్ మూలన పట్టీ ఉంటుంది, ముందు అది చూడండి. మీ స్వర్ణాల చెరువు, జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ మ్యాప్‌లో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూసుకోండి, ఆ లేత నీలం ఎక్కడన్నా సన్నబడి పసుపు లోపలికి జరిగి ఉంటే అదే మీరు రాయాల్సిన అభ్యంతరం.

ప్రశ్న: అన్నా, నేను పొదిలి దగ్గర డ్వాక్రా గ్రూపు లీడర్ని. గ్రామసభ అంటారు, పోతే కార్యదర్శి ఒక లిస్టు చదువుతాడు, సంతకాలు పెట్టమంటారు, ఇళ్ళకి పోతాం. మా ఊరి భూమి గురించి అక్కడ మేం మాట్లాడొచ్చా? మాట్లాడితే విలువ ఉంటుందా?

జవాబు: మాట్లాడొచ్చు తల్లీ, మాట్లాడాల. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు, గుర్తుండే ఉంటుంది. మామూలుగా గ్రామసభల్లో తేల్చేది పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, జీపీడీపీ అంటారు. అది ముఖ్యంగా డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలనే లిస్టు. 15వ ఆర్థిక సంఘం (2021-26) ఇచ్చిన డబ్బులో 60 శాతం మంచినీళ్ళకి, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టు పెట్టినారు, మిగతా 40 ఊరి అవసరాన్ని బట్టి. మీ పొదిలి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ కష్టం తెలిసిందే కాబట్టి ఆ 60 శాతం ఎక్కడ పోయిందో అడగడం మీ హక్కు.

భూమి మాట దాంట్లో ఉండదు, మనమే ఎక్కించాల. మీ గ్రూపులో నలుగురు ఒక పొద్దున గ్రామ నక్షా జిరాక్స్ పట్టుకుని ఊరు చుట్టి రండి. చెరువు అలుగు నీళ్ళు ఎటు పోతున్నాయి, శ్మశానానికి దారి ఉందా లేక ఎవరి చేలో నించో పోతున్నారా, మేత పోరంబోకు ఎంత మిగిలింది, బడి పక్కన ఇంకో రెండు గదులకి చోటుందా, చెత్త ఎక్కడ పోస్తున్నారు. పెన్నుతో గుర్తులు పెట్టండి. ఆ కాగితంతో సభకి పోయి "ఈ మేత పోరంబోకు ఎవరికీ ఇవ్వకూడదు, ఈ అలుగు కాలువ మీద కట్టడం రాకూడదు" అని తీర్మానం రాయించండి, రాసింది అక్కడే పైకి చదివించుకుని, సంతకాలు ఆ తర్వాత పెట్టండి. ఖాళీ పేజీలో సంతకం మాత్రం ఎవరూ పెట్టొద్దు. రేపు ఎవరన్నా ఆ భూమి కోసం ఫైలు కదిపితే ఆ తీర్మానం కాపీ మీ చేతిలో ఉంటుంది, కలెక్టర్ దగ్గర నిలబడి మాట్లాడటానికి అది చాలా బలం.

ఇంకొకటి, జిల్లాకి ఒక ప్రణాళిక కమిటీ ఉండాలని రాజ్యాంగమే చెప్పింది, మన రాష్ట్రంలో దానికి 2005లో చట్టం కూడా చేసినారు. అందులో ఐదింట నాలుగొంతుల మంది జడ్పీ, మున్సిపాలిటీల్లో గెలిచినవాళ్ళే ఉండాల, ఊళ్ళ ప్లాన్లు, పట్టణాల ప్లాన్లు కలిపి జిల్లా ప్లాన్ చేయడం వాళ్ళ పని. ఊరి నించి పైకి ఏం పోతే అదే అక్కడ కూడతారు, మీ లిస్టులో అలుగు కాలువ లేకపోతే జిల్లా ప్లాన్‌లోకి అది ఎట్టా వస్తుంది చెప్పు తల్లీ. మీ జడ్పీటీసీ ఎదురుపడినప్పుడు కమిటీ ఎప్పుడు కూర్చుందని అడుగు.

ప్రశ్న: సార్, మాది కొత్తపట్నం వైపు. మా ఎకరంన్నర పక్కన వరి పండే చేలో రొయ్యల గుంటలు తవ్వుతున్నారు. మా బోరు నీళ్ళు ఇప్పటికే ఉప్పగా ఉన్నాయి. ఆపే మార్గం ఉందా?

జవాబు: ఉంది, కానీ నీళ్ళు పెట్టకముందే కదలాల, గుంట నిండినాక చాలా కష్టం. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు రొయ్యల సాగు మీద ఇచ్చిన తీర్పులో మన నెల్లూరు తీరం గోడు కూడా ఉంది, ఉప్పు ఎక్కిన బావులు, పాడైన మాగాణి. ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. దాని మార్గదర్శకాల్లో వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని ఉంది, 500 లోపు జనం ఉన్న పల్లెకి 100 మీటర్లు, అంతకన్నా పెద్ద ఊరికి 300 మీటర్లు దూరం, మంచినీళ్ళ వనరుకి 100 మీటర్లు దూరం ఉండాల. రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేయకూడదు.

మీరు చేయాల్సింది ఇది. ఆ భూమి అడంగల్ తీసుకోండి, పోయిన సంవత్సరాల్లో వరి అని రాసి ఉంటే అది మీకు పెద్ద ఆధారం. మీ బోరు నీళ్ళు ఇప్పుడే పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి, రేపు ఉప్పు పెరిగితే ముందు ఎంత ఉందో చూపించడానికి ఇంకో దారి లేదు. తర్వాత మత్స్యశాఖకి, తహసీల్దార్‌కి ఇద్దరికీ ఇవ్వండి, ఒక్కరికే ఇస్తే ఇంకొకరి మీదకి నెడతారు. చుట్టుపక్కల రైతులందరూ కలిసి సంతకం పెడితే మేలు, ఒక్కరే నిలబడితే ఒత్తిడి తట్టుకోవడం కష్టం. గుంట వేసే రైతుకీ అప్పులుంటాయి, ఆయనతో శత్రుత్వం పెంచుకోకుండా ముందు పెద్దమనుషుల్ని కూచోబెట్టి ఈ రూల్స్ చూపించి మాట్లాడి చూడండి.

ప్రశ్న: నెల్లూరులో మా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గీత వేసి పోయారు, రోడ్డు వెడల్పు అంట. మా నాన్నగారు కట్టిన ఇల్లు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: ముందు ఆ రోడ్డు మాస్టర్ ప్లాన్‌లో ఎన్ని అడుగులు అని ఉందో రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట వద్దు. స్థలం ఇచ్చినందుకు టీడీఆర్ బాండ్ (పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు కాగితం) అడగొచ్చు, దాన్ని మీరు పై అంతస్తుకి వాడుకోవచ్చు, బిల్డర్లకి అమ్ముకోనూవచ్చు, కానీ మార్కెట్‌లో దానికి ఎంత పలుకుతుందో కనుక్కునే ఒప్పుకోండి. కొలిచే రోజు మీరు తప్పకుండా ఆడ ఉండండి, రోడ్డు మధ్య గీత నించి రెండు వైపులా సమానంగా టేపు పడుతున్నారా, ఎదుటి వైపు ఎక్కడ ఆపుతున్నారు, కళ్ళారా చూడండి. ఆ కొలతల కాగితం మీద వాళ్ళ సంతకం, మీ సంతకం రెండూ పడి కాపీ మీ చేతికి వచ్చేదాకా గోడ మీద దెబ్బ పడనీయకండి.